ట్రాక్ ఏడు

బియ్యం సంచిలో తెచ్చినాడు నబీరసూల్ మామ.
పైన అచ్చు: సోనామసూరి, ఇరవై ఆరు కిలోలు.
లోపల మూడు వందల పన్నెండు డిస్కులు.
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో మా జిరాక్స్ అంగడి మెట్టు మీద
సంచి దించి, రొప్పుతా అన్యాడు:
"సుంకులా, వీటన్నిట్నీ పెట్టెలోకి ఎక్కించు."

డీజిల్ షెడ్డులో ముప్పై ఏండ్లు
ఇంజన్ల కడుపుల్లో చేతులు పెట్టిన మనిషి,
నా మౌసును మాత్రం ఒక్క వేలితోనే ముట్టుకుంటాడు,
కరుస్తాదేమో అన్నట్టు.

ఒకప్పుడు ఆయనకు పదకొండు మంది ఆర్కెస్ట్రా.
తబలా ఆయన గుత్తికి బదిలీ.
గిటారు పిల్లోడు ఫ్యాన్లు రిపేరు చేసే అంగడి పెట్టుకున్యాడు.
కీబోర్డును కంతులోళ్లు ఎత్తకపోయినారు.
ఒక్కో మనిషి పోయినప్పుడల్లా
ఆ మనిషికి బదులు నలభై డిస్కులు కొన్యాడు మామ.
ఆఖర్న ఉరుసులోనైనా చవితి పందిట్లోనైనా
స్టేజీ మీద ఆయన, శాంతమ్మ టీచరు, ఒక ప్లేయరు.

ఏ డిస్కు పెట్టినా కంప్యూటరుకు ఒకే మాట:
ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు, ట్రాక్ మూడు.
స్కెచ్ పెన్ను రాతలు చెమటకు కరిగిపోయినాయి.
మిగిలినవి అక్కడక్కడా:
"రెండు శృతి",
"శాంతమ్మకు ఎక్కువ",
"పత్తికొండలో ఆగిపోయె, తుడవల్ల".

ఇంక వినడమే.
గొంతు తీసేసిన పాట, ఒట్టి వాయిద్యాలు.
మామ కండ్లు మూసుకుని లామినేషన్ మిషన్ మీద తాళం వేస్తాడు,
రెండో వరుసకు పల్లవి దొరుకుతాది,
"ఆ, ఇదే, రాసుకో" అనేలోపే చరణంలోకి పోయుంటాడు.
ఆధార్ కాపీకి వచ్చినోళ్లు చిల్లర తీసుకునీ నిలబడతారు.
ఒకామె రేషన్ కార్డు మర్చిపోయి పోయింది.

సినిమా పేర్ల వరసన పెడదాం మామా అంటి.
"సినిమాలతో నాకేం పని?" అని
తానే చెప్పినాడు ఫోల్డర్లకు పేర్లు:
అన్నాలప్పుడు.
అప్పగింతలప్పుడు.
కరెంటు పోయి వచ్చినాక.
తాగినోడు స్టేజీ ఎక్కినప్పుడు.
పోలీసాయన సాలు అని చెయ్యి ఊపినాక ఇంకొక్కటి.

"ఇంకో కాపీ కూడా చేస్తా. ఒక్క చోటే ఉండేది లేనట్టే లెక్క."
ఆయన గొంతు సవరించుకున్యాడు.
"ఆ మాట పైనాయనకు చెప్పల్ల మ్మే."

తొమ్మిదో దినం, రెండు వందల పద్దెనిమిదో డిస్కు.
డ్రైవు కొబ్బరి కోరినట్టు గరగరమంటా ఉంది.
మామ లుంగీ అంచుతో తుడిచినాడు, పండ్ల పేస్టు పూసి మళ్లీ తుడిచినాడు.
అన్నీ వచ్చినాయి.
ట్రాక్ ఏడు:
ముందు వేణువు, వెనక ఏదో తీగ,
ఆ తర్వాత గొంతు కోసం కాచుకున్న ఖాళీ.
మామ నోరు తెరిచినాడు.
ఏమీ రాలేదు.
మళ్లీ పెట్టు అన్యాడు. మళ్లీ పెడితి.
"ఇది నేను పాడేది కాదు. టీచరమ్మది."

ఎమ్మిగనూరుకు ఫోన్ కొట్టి స్పీకరు పక్కన పెడితిమి.
అవతల కుక్కరు రెండు కూతలు వేసింది.
పాట అయిపోయింది, ఆమె మాట్లాడలేదు.
"టీచరమ్మా?"
"గుర్తు రాలేదు నబీ. ఒక్క మాటా గుర్తు రాలేదు.
కానీ ఆ వేణువు ఆగిన చోట
గట్టిగా ఊపిరి పట్టుకోవాల. లేకుంటే పైకి అందుకోలేము."
కొంచెం ఆగి, "సారు కోసం అన్నం దించల్ల" అని పెట్టేసింది.

ఖాళీ డిస్కులు పారేయొద్దన్యాడు మామ,
మద్దికెరలో మేనల్లుడి సజ్జ చేనుకంట,
దారానికి కట్టి వేలాడదీస్తే పిట్టలు రావంట.
లెక్క పెట్టుకుని సంచిలో వేసుకున్యాడు.
హార్డ్ డిస్కు ఒకటి ఆయనకు, ఒకటి నా సొరుగులో.
నూరు రూపాయలు తక్కువిచ్చినాడు, నేను అడగలేదు.

"ఆ ఏడోదాన్ని యాడ పెడదాం మామా?
అన్నాలప్పుడా? అప్పగింతలా?"

మెట్టు దిగినోడు వెనక్కి తిరిగి చూసి
"దేంట్లోనూ వద్దులే, బయటే ఉండనీ" అన్యాడు.

ఇప్పటికీ తెర మీద, కరెంటు బిల్లుల పక్కన ఉంది.
పేరు మార్చలేదు.